దిగేటప్పుడు

కంపెనీవాడు టెంపో దిగి
మూడు జాకీలు బండ మీద పరిచినాడు,
సంతలో కోళ్ళు పరిచినట్టు.
తాడిపత్రి, గుత్తి రోడ్డు, పన్నెండున్నర.
పాలిష్ ఫ్యాక్టరీల రాతిపాలు
కాలువలో ఎండి పొరలు లేస్తాండాయి.

ఒకటి సీసా జాకీ. దాని సంగతి నాకు తెలుసు.
ముప్పయ్యేళ్ళు నా కుడిభుజం దానికి అద్దెకిచ్చినా.
రెండోది పొడుగు మెడది, చక్రాలున్నది.
కంప్రెసర్ గొట్టం తగిలిస్తే
తానే నూనె తోడుకుంటాదంట, ఇరవై టన్నులంట.
మూడోదాన్ని చూసి ఓబులేసు నవ్వినాడు.
నల్ల రబ్బరు సంగటిముద్దలు మూడు
ఒకదాని మీద ఒకటి.
"గాలి బుడగన్నా. ఐదు సెకన్లు. కారు లేస్తాది."

కంపెనీవాడు టన్నులు చెప్పినాడు,
ఎత్తు చెప్పినాడు, వారంటీ చెప్పినాడు,
చెప్పి చెప్పి నాలుక ఎండి
మజ్జిగ అడిగినాడు.

రబ్బరు మీద చెయ్యి పెట్టి చూసినా.
దూడ మూతి మాదిరి మెత్తగుండాది.
ఈడ నేల చూసినావా సామీ,
అడుగు తీసి అడుగేస్తే బండచెక్క,
కోసిన అంచు కొడవలి.
నా చెప్పులే ఏడాదికి మూడు జతలు.
ఈ బుడగ కింద నేను పట్టా పరచాల,
పట్టా కింద పలక పెట్టాల,
పలక కింద నా భయం పెట్టాల.

ఓబులేసుకు మాత్రం అదే కావాల.
వానికి పంతొమ్మిది.
వాని ఫోన్లో ఎవడో, యాడనో,
ఇసకలో దిగబడిన జీపును
దాని పొగతోనే లేపినాడంట.
"బండి ఊపిరితోనే బండి లేస్తాదన్నా."
మాట బాగుండాది.
మేమూ గాలి అమ్ముకుని బతికేవాళ్ళమే.
సైకిలుకింత, లారీకింత,
ఎండాకాలంలో రవ్వంత తక్కువ.
గాలికి బరువుంటాదని
మాకు ఏ బడీ చెప్పలా,
గేజీ ముల్లు చెప్పింది.

అయినా నేను అడిగేది వేరే.

"ఎత్తేది సరే. దించేది ఎట్ల?"

కంపెనీవాడు కాగితం తిప్పినాడు.
మళ్ళీ తిప్పినాడు.
కాగితంలో దిగే సంగతి లేదు.

ఖాదర్ వలి ఉస్తాద్ కాడ పనికి చేరిన ఏడు
బండల లారీ, వెనక జోడు చక్రాలు, ఇట్లాంటి ఎండే.
జాకీ బాగానే ఎత్తింది.
జాకీ ఎప్పుడూ బాగానే ఎత్తుతాది.
వాషరు అరిగిన సంగతి
దించేటప్పుడు చెప్పింది.
ఉస్తాద్ కేక వెయ్యలా.
ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుని
"స్టాండు పెట్టింటే..." అన్నాడు.
సగం మాట.
మిగతా సగం ఇన్నేళ్ళుగా నేను అంటాండా,
ప్రతి బండి కిందా,
ఓబులేసు పళ్ళు కొరికేదాకా.

ఎర్రిస్వామి ఖాళీ లారీ నిలబడుండాది.
ఎత్తమన్నా. ఎత్తినాడు.
స్టాండు పెట్టించినా, కింద ఈగ కూడా లేదని చూసుకున్నా.
"ఇప్పుడు గొట్టం పీకు."
కంపెనీవాని మొగం నాపరాయైంది.
పీకినాడు.
ఉస్సుమనింది గాలి. లారీ కదల్లా.
మర రవ్వంత విప్పితే అప్పుడు దిగింది,
బండ దించే హమాలీ మాదిరి:
మొదట మోకాళ్ళు,
తర్వాత నడుము,
ఆఖరికి, అన్నిటికన్నా నెమ్మదిగా, వేళ్ళు.

బుడగ కూడా ఓబులేసు కోసం చూసినాం, ఒక కారు కింద.
లేచింది, నిజమే, ఐదు సెకన్లే.
లేచి, కల్లు తాగిన బావ మాదిరి
ఒక పక్కకు ఒరిగి ఆలోచన చేసింది.
ఓబులేసు ఏమీ అనలా.
బీడీ కట్ట కోసం పోయినాడు, వాడు బీడీ తాగడు.

పద్దెనిమిది వేలన్నాడు, పదిహేనున్నరకు వచ్చినాడు.
రెండు స్టాండ్లు ఊరికే ఇమ్మన్నా.
ఒకటిచ్చినాడు.

ఆ రాత్రి నిద్రలో నా కుడిచెయ్యి
మంచం పట్టెను పట్టుకుని
పైకీ కిందికీ, పైకీ కిందికీ.
నా పెండ్లాము కండ్లు తెరవకుండానే అడిగింది,
"ఎవురి బండి?"